రేవుతాతకు మొక్కిన సినిమా

మొక్కుకునేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకుని మొక్కుకోవాలని పాక్‌థాలే రేవులో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ఉడికించిన గుడ్లు మొక్కుకుంటే ఎన్ని గుడ్లో చెప్పాలి. సినిమా మొక్కుకుంటే "ఒక్క సినిమా, ఒక్క సాయంత్రం" అని గిరి గీసి చెప్పాలి. అప్పుడు విచియెన్ తన బండిలో తెర, యంత్రం, రెండు సౌండు పెట్టెలు వేసుకొచ్చి, రేవుని కాచే దేవుడు రేవుతాత గుడి ఎదురుగా తెర కట్టి, ఆ పూట చేతికి ఏది దొరికితే అది వేసి వెళ్లిపోతాడు. ముందు వరస కుర్చీలు తాతకీ ఆయన చుట్టాలకీ. అవి ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి, వాటిలో మనిషన్నవాడు కూర్చోడు. మనుషులు వెనక కూర్చుంటే కూర్చోవచ్చు, లేకపోతే లేదు. మొక్కు మాత్రం తీరిపోతుంది.

లమాయ్‌కి ఇది తెలియక కాదు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ రేవులో చేపలు ఏరుతోంది, ఎంతమంది మొక్కులో చూసింది. కానీ తుపానులో మొగుడి పడవ బోల్తా పడిందని, మూడు రోజులైనా జాడ లేదని తెలిసిన మధ్యాహ్నం, చెప్పులు కూడా లేకుండా గుడికి పరిగెత్తిన ఆడదానికి గిరి గీయడం ఎక్కడ గుర్తుంటుంది? తాత ముందు సాగిలపడి, నోటికి ఏది వస్తే అది అనేసింది.

"తాతా, ప్రయోంగ్‌ని ప్రాణాలతో ఒడ్డు చేర్చు. ఈ మధ్య వచ్చిన సినిమాలన్నిటిలోకీ గొప్ప సినిమా ఏదో అది నీకు వేయిస్తాను."

గుడి చూసుకునే గిమ్‌లాన్ మామ్మ అప్పుడు గచ్చు తుడుస్తోంది. ఆవిడకి ఎనభై దాటాయి గానీ చెవులు మాత్రం చిన్నపిల్లవి. "అదేం మొక్కే పిచ్చిదానా. గొప్పదంటే ఏది గొప్పది? ఎవరు చెప్పాలి?" అంది. అప్పటికే ఆలస్యమైపోయింది. తాత వినేశాడు.

వినడమే కాదు, చేసి చూపించాడు. ఆరో రోజు పొద్దున ఒక సరుకుల ఓడ ప్రయోంగ్‌ని, అతని కళాసీని ఒక ఐసు పెట్టె మీద నుంచి లాగి ఒడ్డుకి చేర్చింది. రేవంతా కదిలివచ్చింది. లమాయ్ మొగుడి మొహం రెండు చేతులతో పట్టుకుని, ఉప్పుకి పగిలిన ఆ పెదాలు చూస్తూ, ఏడవడం కూడా మరిచిపోయి నిలబడింది. అడగగానే ఇచ్చేశాడన్న సంగతి ఆమెకి ఆ తర్వాత రెండు మూడు రోజులకి గానీ ఒంటబట్టలేదు. సముద్రమంత సముద్రంలో వెతికి తెచ్చి చేతిలో పెట్టినవాడికి తను ఇస్తానన్నది ఏమిటి?

పౌర్ణమి వెళ్లిన నాలుగో రోజున బయల్దేరేలా యజమాని ఇంకో పడవ ఇస్తానన్నాడు. ప్రయోంగ్ సరేనన్నాడు. పడవ నడిపే తండేలు పని తప్ప అతనికి ఇంకొకటి రాదు. తీర్చని మొక్కుతో సముద్రం మీదికి వెళ్లినవాడిని, ఇచ్చినవాడే తిరిగి తీసేసుకుంటాడని ఆ రేవులో అందరూ నమ్ముతారు. నమ్మనివాళ్లు కూడా ఆ మాట పైకి అనరు. అంటే లమాయ్‌కి ఉన్నది ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల్లో ఈ మధ్య వచ్చిన సినిమాలన్నిటిలోకీ గొప్పది ఏదో తేలాలి.

అది తేల్చడానికి రేవులో జనానికి కొదవా? చేపలు ఏరే షెడ్డులో పొద్దున మొదలైన వాదన మధ్యాహ్నానికి ఐసు ఫ్యాక్టరీ దాకా పాకింది.

మొదట సునీ టీచరు వచ్చింది. రిటైరై నాలుగేళ్లయినా ఆవిడని చూస్తే రేవులో సగం మంది ఇప్పటికీ వెన్ను నిటారుగా పెడతారు. "ఇందులో వాదించడానికేముంది, లమాయ్? 'ఉప్పుమడిలో వాన'. వేరే సినిమా పేరెత్తితే నాకు కోపం వస్తుంది."

"ఆ సినిమాలో అరగంటసేపు ఉప్పు ఆరుతూ ఉంటుంది టీచరుగారూ," అన్నాడు హెంగ్. ఐసు ఫ్యాక్టరీ నడిపేది అతనే. బొజ్జ, బనియను, నోట్లో పుల్ల. "నీళ్లు గడ్డకట్టడం చూడాలనుంటే మా ఫ్యాక్టరీకి రండి, టిక్కెట్టు లేకుండా చూపిస్తాను."

"గొప్పదంటే నీకు నిద్ర రానిది అని అర్థం కాదు హెంగ్. చూసొచ్చినవాడు మునుపటిలా ఉండకూడదు. ఏటేటా వాన వచ్చి ఆమె ఉప్పంతా కరిగించేస్తుంది. అయినా మళ్లీ మడి కడుతుంది. చివరికి ఆ వానలోనే నడుచుకుంటూ వెళ్లి పడిపోతుంది. ఆ సినిమా వచ్చాక కదా అధికారులు ఉప్పుమడుల వాళ్ల గోడు విన్నది."

"చూడందే ఎలా మారతారండీ జనం? హాల్లో మేం ఆరుగురం ఉన్నాం, అందులో ఇద్దరు టిక్కెట్లు చింపేవాళ్లు. అదే మా 'బావి కింద వదిన' చూడండి. వారం రోజులు వరసగా చూశారు. దెయ్యం బావిలోంచి చెయ్యి చాపి కూర కలిపిందా, హాలు హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. మా ఆవిడ నా చెయ్యి గిల్లిన మచ్చ ఇంకా ఉంది, చూపించమంటారా?"

"అక్కర్లేదు," అంది టీచరు.

విచియెన్ అప్పటిదాకా మాట్లాడలేదు. అతనికి అరవై ఆరేళ్లు, జీవితమంతా తెర కట్టి విప్పినవాడు. కుర్రతనంలో, ఆ రేవుకి వచ్చే రీళ్లలో గొంతు ఉండని రోజుల్లో, తెర వెనక మైకు పట్టుకుని హీరోకీ హీరోయిన్‌కీ గుర్రానికీ తనే గొంతిచ్చినవాడు. అలాంటివాడు నోరు విప్పితే అందరూ వింటారు. "'ఆరో రౌండు'," అన్నాడు. "చెవుడున్న బాక్సరు. గంట కొట్టారని తెలియక అయిదు రౌండ్లు అయిపోయాక కూడా కొడుతూనే ఉంటాడు. హాలంతా అరుస్తుంది, వాడికి వినపడదు. నలభై ఏళ్లలో యంత్రం ఆపాలని నా చేతికి అనిపించనిది ఆ ఒక్క సినిమాయే."

ఏరే ఆడవాళ్లు కూడా రెండు జట్లయ్యారు. చేపలు ఒక బుట్టలో పడాల్సినవి ఇంకో బుట్టలో పడ్డాయి. మేస్త్రి వచ్చి తిట్టబోయి, సంగతి విని, తనకి నచ్చిన సినిమా ఒకటి చెప్పి వెళ్లాడు. ఆరు రోజులు అలాగే గడిచాయి. గొప్పది వేరు, ముఖ్యమైనది వేరు అని టీచరు అంటే, లమాయ్ మొక్కింది గొప్పదే, ముఖ్యమైనది కాదు అని హెంగ్ అన్నాడు. రాత్రి పడుకుంటే లమాయ్‌కి చెవుల్లో సినిమా పేర్లే గింగురుమనేవి. తను ఆ మూడూ చూసింది. ఒక దాంట్లో నిద్రపోయింది, ఒక దాంట్లో కళ్లు మూసుకుంది, ఒక దాంట్లో మొగుడి అన్నం సంగతి ఆలోచించుకుంది. ఈ బుర్రతో తను దేవుడికి సినిమా ఎంచాలి.

ఏడో రోజు గిమ్‌లాన్ మామ్మ తేల్చేసింది. "మీ అరుపులు ఆపండి. చూసేది ఎవరు? ఆయనే కదా. ఆయన్నే అడుగుదాం."

గుడిలో తాత పాదాల దగ్గర ఎర్రరంగు వేసిన రెండు చెక్కలు ఉంటాయి, నెలవంక ఆకారంలో, ఒకవైపు చదునుగా, ఒకవైపు ఉబ్బుగా. ప్రశ్న అడిగి రెండూ కలిపి నేల మీద వెయ్యాలి. ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పైకి పడితే ఔనని. రెండూ ఉబ్బుగా పడితే కాదని. రెండూ చదునుగా పడితే తాత నవ్వుతున్నాడని, ప్రశ్న మళ్లీ సరిగ్గా అడగమని. ఇంత పెద్ద మొక్కుకి వరసగా మూడుసార్లు ఔననాలి.

లమాయ్ చెక్కలు రెండు చేతుల్లో పట్టుకుని, "ఉప్పుమడిలో వాన" అంది. రెండూ ఉబ్బుగా పడ్డాయి. టీచరు పెదాలు బిగించింది. "బావి కింద వదిన" అంది. కాదు. "ఆరో రౌండు." ఒకసారి ఔనన్నాడు, విచియెన్ మీసం కదిలింది. రెండోసారి కాదన్నాడు. ఆ తర్వాత వెనకనుంచి ఎవరెవరో అరిచిన పేర్లన్నీ అడిగింది. పదహారు సినిమాలు. పదహారింటికీ కాదనే.

"తాతకి ఈమధ్య వచ్చినవేవీ నచ్చలేదు," అన్నాడు హెంగ్, కొంచెం గొంతు తగ్గించి.

ఆ సాయంత్రం లమాయ్ అన్నం ముట్టలేదు. ప్రయోంగ్ ఎదురుగా కూర్చుని చేపల పులుసు కలుపుకుంటున్నాడు. ఒడ్డుకి వచ్చిన దగ్గర్నుంచీ అతను ఆ అయిదు రాత్రుల గురించి ఒక్క మాట అనలేదు. ఆమె అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

"రేపు ఒక్కరోజే ఉంది," అంది. "పడవ మీద నిన్ను వెళ్లనివ్వను. యజమాని ఏమన్నా అనుకోనీ."

"పదహారూ కాదన్నాడా?"

"పదహారూ."

అతను ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. "మ్యో సినిమా అడిగావా?" అన్నాడు.

మ్యో అంటే అతని కళాసీ. బర్మా వాడు, ముప్పై అయిదు దాటి ఉంటాయి, చెవుల దగ్గర జుట్టు అప్పుడే నెరిసింది. నాలుగేళ్ల నుంచీ ప్రయోంగ్ దగ్గరే. మాట తక్కువ.

"మ్యో సినిమా ఏంటి?"

"అక్కడ చెప్పాడు. పెట్టె మీద." ప్రయోంగ్ మొదటిసారి ఆ సంగతి ఎత్తాడు. ఆమె కేసి చూడకుండా, పళ్లెంలోకి చూస్తూ చెప్పాడు. "ఇద్దరికీ సరిపోయేది కాదే ఆ పెట్టె. ఛాతీ మాత్రమే పైన, మిగతాదంతా నీళ్లలో. పగలు ఎలాగో గడిచేది. రాత్రి కళ్లు మూసుకుపోయేవి. మొదటి రాత్రే నా చెయ్యి జారింది. వాడు జుట్టు పట్టి లాగాడు. లాగి, తండేలూ, ఒక సినిమా చెప్తాను విను, అన్నాడు. అయిదు రాత్రులు చెప్పాడు. ఒక్క సినిమాయే. పొద్దు పొడిచే వేళకి ఆపేసేవాడు. పగలంతా నేను తర్వాత ఏమవుతుందా అని చూసేవాణ్ణి. నిజం చెప్తున్నా లమాయ్, నేను నీ గురించి కూడా అంతగా ఆలోచించలేదు. ఆ సినిమా ఏమవుతుందోననే ఆలోచించాను."

లమాయ్‌కి ఏదో పెద్దది ఇంట్లోకి వచ్చి పక్కన కూర్చున్నట్టనిపించింది. తర్వాత లేచి, చెప్పులు వేసుకుని, గుడికి నడిచింది.

మామ్మ తలుపు వెయ్యబోతోంది. లమాయ్ చెక్కలు తీసుకుని అడిగింది. "తాతా, ఐసు పెట్టె మీద మ్యో చెప్పిన సినిమా. నీకు కావలసింది అదేనా?"

ఔనన్నాడు. మళ్లీ వేసింది. ఔను. మూడోసారి చెక్కలు వేసినట్టు కాక జారిపడినట్టు పడ్డాయి. ఔను. మామ్మ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

ఇక ఆ సినిమా ఏదో కనుక్కుని విచియెన్‌కి చెబితే చాలనుకుంది లమాయ్. పొద్దున్నే ఐసు ఫ్యాక్టరీ వెనక కళాసీల గదుల వరసకి వెళ్లింది. నాలుగేళ్లలో ఆమె ఆ వరసలోకి రావడం అదే మొదటిసారి. మ్యో గుమ్మంలో వల కుట్టుకుంటున్నాడు. సంగతంతా విని మొహం పాలిపోయింది.

"అక్కా, ఆ సినిమా ఎక్కడా లేదు."

"లేకపోవడమేంటి? చెప్పావట కదా."

"చెప్పాను. అది ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం." చేత్తో గాలిలో ఏరుతున్నట్టు చూపించాడు. "గుడి దగ్గర విచియెన్ మామ వేసేవి చూస్తాం కదా, మేము తెర వెనక కూర్చుని. అన్నీ కలిపి చెప్పాను. మాటలు అన్నీ అర్థం కావు నాకు. అర్థం కానివి నేనే పెట్టాను. తాతకి చెప్పండి, తప్పయిపోయిందని."

లమాయ్ తిన్నగా విచియెన్ ఇంటికి వెళ్లింది. ఎక్కడా లేని సినిమాని వెయ్యమని అడగడానికి సిగ్గేసింది గానీ అడిగేసింది. విచియెన్ చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "తెర ఉంది. లైటుంది. మైకుంది. చెప్పేవాడున్నాడు," అన్నాడు. "మా రోజుల్లో బొమ్మ ఉండి గొంతు ఉండేది కాదు. ఇప్పుడు గొంతుంది, బొమ్మ లేదు. ఏం, ఇది మాత్రం సినిమా కాదా?"

ఆ సాయంత్రం సముద్రం మీద ఎరుపు పూర్తిగా పోకముందే రేవంతా గుడి ముందుకి చేరింది. విచియెన్ పెద్ద తెర కట్టాడు, యంత్రంలో ఏమీ పెట్టకుండా లైటు మాత్రం వేశాడు. తెల్లటి తెర గాలికి ఉబ్బి, తగ్గి, మళ్లీ ఉబ్బింది. ముందు వరసలో ఎర్ర కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మ్యో తెర పక్కన మైకు పట్టుకుని నిలబడ్డాడు. మైకులోంచి అతని పళ్లు కొట్టుకునే చప్పుడు వినపడింది.

"తండేలు పక్కన ఉండాలి," అన్నాడు. "అక్కడ అలాగే చెప్పాను."

ప్రయోంగ్ వెళ్లి అతని పక్కన నేల మీద కూర్చున్నాడు. మ్యో జనం కేసి చూడలేదు. గుడి లోపల దీపాల మధ్య కూర్చున్నాయన కేసి చూస్తూ మొదలుపెట్టాడు.

"ఒక ఆమె ఉంది. ఉప్పు చేస్తుంది. వాన వచ్చి ఉప్పు తీసుకుపోతుంది. ప్రతి ఏడాదీ తీసుకుపోతుంది. ఆమె వానని అడిగింది, నా ఉప్పు ఎక్కడ పెట్టావు అని."

విచియెన్ ఒక రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి నెమ్మదిగా ఊపాడు. గుడి ముందు వాన మొదలైంది. ఎవరూ చెప్పకుండానే జనం అంతా ఖాళీ తెర కేసి తిరిగారు.

సునీ టీచరు ముందుకి వంగింది. ఆ మాట సినిమాలో లేదు. అక్కడ ఆమె వానని ఏమీ అడగదు, ఊరికే చూస్తుంది. ఆవిడ ఇరవై సార్లు చూసి, పుస్తకంలో రాసుకుని, అందరికీ విప్పి చెప్పిన సీను అది. వాన కేసి అలా చూస్తూ ఆమె అడుగుతున్నది ఇదేనని మాత్రం టీచరుకి ఇప్పటిదాకా తట్టలేదు.

ఉప్పు చేసే ఆమె బావి దగ్గరికి వచ్చింది. బావిలో చచ్చిపోయిన వదిన ఉంది. వదిన చెయ్యి చాపింది. "ఇదిగో, ఇది నాదే," అన్నాడు హెంగ్ పెళ్లాంతో. ఆ వదిన ఈ సినిమాలో ఎవరినీ భయపెట్టలేదు. ఆకలితో ఉన్నామెకి వండిపెట్టింది. నువ్వు తినకపోతే నేను రెండోసారి చచ్చిపోతాను, అంది. హెంగ్ నోట్లో పుల్ల కిందపడింది, అతను దాన్ని వెతుక్కోలేదు.

బాక్సరు వచ్చాడు. ఎడమచేత్తో కొట్టాడు. "కుడిచెయ్యి," అన్నాడు విచియెన్, ఉండబట్టలేక. మ్యో ఆగి, కాదన్నట్టు తల ఊపాడు. అప్పుడు విచియెన్‌కి వెలిగింది. తెర వెనకనుంచి చూసినవాడికి కుడి ఎడమవుతుంది. ఇన్నేళ్లుగా తను తెర ఇటువైపు కట్టి వేస్తున్న సినిమాలు అటువైపున ఇంకొకళ్లు వేరేగా చూస్తున్నారని అతను ఒక్కనాడూ అనుకోలేదు. గరిటెతో పళ్లెం మీద కొట్టి గంట మోగించాడు. బాక్సరుకి వినపడలేదు, కొడుతూనే ఉన్నాడు.

లమాయ్‌కి మొదట సినిమా కనిపించింది. తను నిద్రపోయిన ఉప్పుమడి, తను కళ్లు మూసుకున్న బావి, అన్నీ ఆ తెల్లటి గుడ్డ మీద కనిపించాయి, అసలు సినిమాలో కన్నా స్పష్టంగా. తర్వాత సినిమా పోయి, దాని వెనక నల్లటి నీళ్లు కనిపించాయి. ఒక పెట్టె, రెండు తలలు. ఈ మాట మొదటి రాత్రిది. ఈ మాటకి తన మొగుడు రెండో రాత్రి తెల్లారేదాకా కళ్లు తెరుచుకుని ఉన్నాడు. ఇదిగో, ఈ ఎడమచేతి దెబ్బ దగ్గర అతని చెయ్యి జారలేదు. ఒక్కొక్క మాటా ఒక్కొక్క అలని దాటించింది. ఇంత పెద్ద సంగతి ఇంత చిన్న గొంతులో ఉందా అనుకుంది. తాత సముద్రంలో చెయ్యి పెట్టి మొగుణ్ణి ఎత్తి తెచ్చాడని ఇన్నాళ్లూ అనుకుంటోంది. ఆ చెయ్యి ఎలా ఉంటుందో ఇప్పుడు చూస్తోంది. వల తాళ్లకి కోసుకుపోయి, మైకుని గట్టిగా పట్టుకుని ఉంది.

ఉప్పు చేసే ఆమె వానలో నడిచింది. అటునుంచి బాక్సరు వస్తున్నాడు. ఆమె పిలిచింది. అతనికి వినపడదు. విచియెన్ డబ్బా ఊపడం ఆపేశాడు.

మ్యో మైకు దించాడు.

"తర్వాత?" అన్నాడు హెంగ్.

"తర్వాత తెలియదు."

"తెలియకపోవడమేంటయ్యా?"

"సినిమా చివరికి వచ్చేసరికి మా పడవ కూత వేసేది. లేచి పరిగెత్తేవాళ్లం. నేను ఏ సినిమాకీ చివర చూడలేదు."

ప్రయోంగ్ తలెత్తాడు. "ఒడ్డు చేరాక చివర చెప్తానన్నావు కదరా. అయితే అబద్ధం ఆడావన్నమాట."

"చివర చెప్తే తండేలు నిద్రపోతాడు," అన్నాడు మ్యో. "నిద్రపోతే చెయ్యి వదిలేస్తాడు."

ప్రయోంగ్ మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. అతని భుజాలు కదలడం లమాయ్ చూసింది.

గిమ్‌లాన్ మామ్మ మాత్రం పట్టు వదల్లేదు. మొక్కు మొక్కే. "మొక్కింది నిండు సినిమా. ఇది చివర లేనిది. తాత పుచ్చుకున్నాడో లేదో అడగాల్సిందే," అంది. లమాయ్ చెక్కలు తీసుకుంది. రేవంతా గుడి మెట్ల దగ్గర మూగింది. వేసింది. రెండూ చదునుగా పడ్డాయి. తాత నవ్వాడు. మళ్లీ వేసింది. మళ్లీ నవ్వాడు.

"రెండుసార్లు నవ్వాడంటే సినిమాలో కాదు లోటు," అంది మామ్మ. "మొక్కులోనే ఏదో వదిలేశావు. మొదటినుంచీ చెప్పు. ఆ రోజు ఏమన్నావో అదే అను."

లమాయ్ చేతులు జోడించింది. "తాతా, ప్రయోంగ్‌ని ప్రాణాలతో ఒడ్డు చేర్చు..."

అక్కడే ఆగిపోయింది.

ఒక్కడిని అడిగింది. పడవలో ఇద్దరున్నారు. నాలుగేళ్లుగా తను కట్టిన అన్నం క్యారేజీలోదే మ్యో తింటున్నాడు. ఆ మధ్యాహ్నం చెప్పులు లేకుండా పరిగెత్తినప్పుడు అతని మొహం ఆమెకి లీలగా కూడా తట్టలేదు. తట్టి, వద్దనుకుని ఉంటే అదొక దారి. అసలు తట్టనే లేదు. ఒడ్డుకి వచ్చిన పొద్దున కూడా మొగుడి మొహమే పట్టుకుంది, పక్కనున్నవాడి కేసి చూడలేదు. అడగనివాడిని కూడా తాత తెచ్చి ఇచ్చాడు. ఆ అడగనివాడి చేతే అడిగినవాడిని తెప్పించాడు. లమాయ్‌కి సిగ్గుతో తల వంగిపోయింది, ఆ వంగడంలోనే నమస్కారమూ ఉంది.

మ్యో చేతిలోంచి మైకు తీసుకుంది. "తాతా, నేను అడిగింది ఒక్కడిని. నువ్వు ఇచ్చింది ఇద్దరిని. నా మొక్కులో రెండోవాడిని కూడా కలుపుకో."

"పేరు చెప్పాలి," అంది మామ్మ. "పూర్తి పేరు, తల్లి పేరు, ఊరు. ఎవరి గురించో ఆయనకి తెలియొద్దూ."

లమాయ్ వెనక్కి తిరిగింది. ఇంతమంది ముందు ఈ ప్రశ్న అడగాల్సి రావడం ఆమెకి చెంపదెబ్బలా ఉంది. "మ్యో, నీ పూర్తి పేరేంటి నాయనా?"

"మ్యో థాంట్."

"ఊరు?"

"దావే దగ్గర. అది కూడా రేవే అక్కా."

"అమ్మ పేరు?"

"డో ఖిన్ న్వే," అన్నాడు.

లమాయ్ మైకులో చెప్పింది. తప్పు పలికింది. అతను సరిచేశాడు. ఆమె మళ్లీ చెప్పింది. రెండు సౌండు పెట్టెల్లోంచి ఆ పేరు గుడి మీదుగా, ఐసు ఫ్యాక్టరీ మీదుగా, కట్టేసి ఉన్న పడవల మీదుగా వెళ్లింది. కళాసీల వరసలో మనుషులు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. పడవల మీద ఉన్నవాళ్లు లేచారు. ఆ రేవులో ఎవరి తల్లి పేరూ అంత గట్టిగా ఎప్పుడూ వినపడలేదు.

చెక్కలు పడ్డాయి. "ఔను," అంది మామ్మ. రెండోసారి. "ఔను." మూడోసారి మామ్మ చేతులు జోడించింది. విచియెన్ లైటు తియ్యకుండా అలాగే ఉంచాడు.

మ్యో చెక్కల కేసి చూడనే లేదు. సౌండు పెట్టె దగ్గరికి వెళ్లి, దానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఇంకోసారి అనండక్కా," అన్నాడు. "మా అమ్మ పేరు."

లమాయ్ మైకు దగ్గరగా తీసుకుని, ఈసారి తప్పు పోకుండా, నెమ్మదిగా పలికింది.